దేవుడు లేని గుట్ట మీద కొబ్బరికాయ

నేను నా జన్మలో ఒకే ఒక్కసారి ఒంటరిగా గుట్ట ఎక్కాను. పొద్దున ఎక్కేటప్పుడు జనగామలో విత్తనాల దుకాణం నడిపే మర్యాదస్తుల ఇంటి అబ్బాయిని. మధ్యాహ్నం దిగేటప్పుడు లంకెబిందెల కోసం వచ్చిన దొంగని. ఈ రెంటికీ మధ్య గడిచింది నాలుగు గంటలే. ఆ నాలుగు గంటల్లో ఒక మనిషి తనంతట తాను, ఎవరి సాయమూ లేకుండా, ఎంత చక్కగా మునగగలడో చెబుతాను. మీరు నిర్మొహమాటంగా నవ్వుకోండి. మా చుట్టాలు ఎనిమిదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు, కొత్తగా పోయే పరువేమీ మిగల్లేదు.

ముందు నా గురించి ఒక మాట. ఇరవై ఏడేళ్ల వయసులో నా దగ్గర పుష్కలంగా ఉన్నవి అనుమానాలు మాత్రమే. పాలాయన పాలు పోస్తుంటే అందరూ గిన్నెలోకి చూస్తారు, నేను ఆయన మొహంలోకి చూసేవాణ్ణి. దుకాణానికి వచ్చి ఎవరైనా బేరం ఆడకుండా కొంటే, ఈయన ఏదో మనసులో పెట్టుకుని వచ్చాడని రోజంతా మథనపడేవాణ్ణి. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి రెండు పూటలా అన్నం పెట్టి పెంచింది నేనే.

అటువంటి నాకు ఒక సంబంధం వచ్చింది. గూడూరు అవతల అడవి అంచున ఒక ఊరు. సాంబయ్య గారని, మావాళ్లే, ఊళ్లో కిరాణా దుకాణం, గుట్ట కింద ఐదెకరాల పొలం. వాళ్ల అమ్మాయి స్రవంతి డిగ్రీ చదివింది. ఫోన్లో ఫొటో పంపారు. చూశాను, నచ్చింది. నచ్చడంతోనే నా మొదటి అనుమానం మొదలైంది. ఇంత మంచి అమ్మాయిని జనగామ దాకా ఎవరూ ఎగరేసుకుపోకుండా ఎందుకు వదిలేశారు?

మావైపు ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. అందువల్ల అందరికీ తీరిక దొరుకుతుంది, దొరికిన తీరికంతా ఎంక్వయిరీలకు పోతుంది. పిల్లవాడి తరఫున ఒక పెద్దమనిషి వేరే పని మీద వచ్చినట్టు అమ్మాయి ఊరికి వెళ్లి, చాయ్ హోటల్లో, కటింగ్ షాపులో నాలుగు మాటలు రాబట్టుకుని వస్తాడు. అమ్మాయి తరఫువాళ్లు కూడా అలాగే మన ఊరికి వస్తారు. ఇద్దరికీ సంగతి తెలుసు, ఇద్దరూ తెలియనట్టే ఉంటారు. అదీ మర్యాద.

మా తరఫున మా మేనమామ వెళ్లాడు. సాయంత్రానికి తిరిగొచ్చి, బంగారం లాంటి మనుషులనీ, రెండు బోర్లు, ఆరు మామిడి చెట్లు ఉన్నాయనీ చెప్పాడు. మాటల్లో మాటగా, గారెలు, పాయసం చాలా బాగున్నాయని కూడా అన్నాడు. మా ఇంట్లో అందరూ సంతోషించారు. నేను ఒక్కణ్ణే ఆలోచించాను. రహస్యంగా వెళ్లిన మనిషికి పాయసం ఎవరు పెడతారండీ? పాయసం తిన్న నోట్లోంచి చేదు నిజం ఎలా వస్తుంది? వచ్చే ఆదివారమే పెళ్లిచూపులు. అంతకుముందే నేను స్వయంగా వెళ్లి చూసి రావాలని నిశ్చయించుకున్నాను.

నా పథకం వినండి. ఊళ్లోకి వెళితే ఎవరో ఒకరు గుర్తుపడతారు. పొలం వెనకే గుట్ట ఉంది కాబట్టి, అది ఎక్కితే బోర్లు, చెట్లు, ఇల్లు అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనబడతాయి. ఎవరైనా అడిగితే ఊరికే గుట్ట ఎక్కడానికి వచ్చానని చెప్పవచ్చు. పట్నంలో కుర్రాళ్లు సెలవు రోజున అదే పని చేసి ఫొటోలు పెట్టుకుంటున్నారు కదా. రోజు కూడా ఏరికోరి మబ్బు పట్టిన రోజునే ఎంచుకున్నాను. ఎండ ఉంటే పొలాల్లో జనం తలెత్తి నన్ను చూస్తారు, మబ్బుంటే ఎవరూ చూడరు. నన్నెవరూ చూడలేని మబ్బులోంచి నేను మాత్రం ఊరంతా ఎలా చూస్తానన్నది నాకు తట్టలేదు.

మా అమ్మ మబ్బు చూసి ఎక్కడికని అడిగింది. గూడూరు దగ్గర గుట్ట మీద దేవుడున్నాడట, మొక్కుకుని వస్తానన్నాను. పెళ్లి కుదిరే వేళ కొడుక్కి భక్తి పుట్టిందని ఆమె మురిసిపోయి, నేను వద్దంటున్నా వినకుండా సంచీ సర్దింది. కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం, ఒక ఎర్ర రవికె గుడ్డ. మట్టి నల్లదో, ఎర్రదో, చౌడుదో కొంచెం తవ్వి చూసుకోవచ్చు కదా అని నేను దుకాణంలోంచి కలుపు తీసే చిన్న పార ఒకటి అందులో పడేశాను. ఈ జాబితాను ఒక్కసారి మళ్లీ చదవండి. అప్పుడు నేను చదవలేదు, అదే పొరపాటు.

మొదటి బస్సుకు బయలుదేరి, నర్సంపేటలో మారి, ఊరికి ముందే రోడ్డు మీద దిగిపోయాను. దూరపు కొండలు నునుపు అన్న పెద్దమనిషి నాలాగే చెప్పులు వేసుకుని ఎక్కి, తరువాత ఆ మాట అని ఉంటాడు. రాళ్ల మీది నాచంతా నిన్నటి వానకు తడిసి ఉంది. సీతాఫలం పొదలు దారికి అడ్డం. ఒక అడుగు పైకి వేస్తే అర అడుగు కిందికి జారుతున్నాను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. సగం దూరం ఎక్కి ఒక బండ మీద కూర్చున్నప్పుడు, చల్లగాలి తగిలి, కింద వరి నారుమళ్లు పచ్చగా కనబడితే, నేను ఎందుకు వచ్చానో ఒక్క నిమిషం మరిచిపోయాను. హాయిగా ఉండింది. ఆ హాయిని కూడా అనుమానించి వెంటనే పనిలో పడ్డాను.

ఫోన్ తీసి ఫొటో కొడితే అందులో మబ్బు తప్ప ఏమీ పడలేదు. అందుకని కాగితం తీసి బొమ్మ గీశాను. దుకాణం పేరు అచ్చు వేయని తెల్ల కాగితమే తెచ్చుకున్నాను, జాగ్రత్త అంటే నాదే. బోర్లకు రెండు సున్నాలు, మామిడి చెట్లకు చుక్కలు, గుట్ట దగ్గరినుంచి దారికి బాణం గుర్తు, సాంబయ్య గారి ఇంటికి పెద్ద ఇంటు గుర్తు. చెట్లు ఐదే కనబడ్డాయి, ఆరోదానికి ప్రశ్నార్థకం పెట్టాను. ఇంతలో మబ్బు దిగి మొహానికి తడిగుడ్డ కప్పినట్టు అయింది. ఇంకొంచెం పైకి వెళితే తెరిపి ఇస్తుందేమో అని కాగితం జేబులో పెట్టుకుని లేచాను.

పది అడుగులు వేశానో లేదో, వెనక రాయి దొర్లింది. ఆగాను. వెనకున్నదీ ఆగింది. మళ్లీ నడిచాను, మళ్లీ నడిచింది. ఎలుగుబంటి అనుకున్నాను. ఎలుగుబంటి అయితే ఎందుకు ఆగుతుంది? ఆగిందంటే ఆలోచిస్తోంది. ఆలోచిస్తోందంటే మనిషే. మనిషి అయితే ఎందుకు పిలవడం లేదు? పిలవడం లేదంటే దొంగే. ఇంత తర్కం చేశాక వెనక్కి తిరిగి చూస్తే, మబ్బులో తల నుంచి మోకాళ్ల దాకా నల్లగా కప్పుకున్న ఒక ఆకారం, భుజం మీద గొడ్డలి.

 భయంలో నా బుర్ర మామూలుకన్నా చురుగ్గా పని చేస్తుంది, అదే నా దురదృష్టం. ఎంత దొంగైనా పూజలో ఉన్న భక్తుడి జోలికి రాడని నాకు తోచింది. పక్కనే ఒక బండ ఉంది. దాని చుట్టూ గడ్డి ఉంటే దేవుడిలా కనబడదని చిన్న పారతో గబగబా చెక్కి శుభ్రం చేశాను. పసుపు పులిమాను, కుంకుమ బొట్లు పెట్టాను, ఎర్ర గుడ్డ కప్పాను, నాలుగు మూలలా నాలుగు నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ టప్పున కొట్టాను. కళ్లు మూసుకుని నోటికి వచ్చిన శ్లోకమల్లా చదివాను.

అడుగులు దగ్గరికి వచ్చి ఆగాయి. కళ్లు తెరిస్తే గొంగడి కప్పుకున్న ముసలాయన. వెనక మేకలు. ఆయన పేరు మల్లయ్య అని తరువాత తెలిసింది. బండను చూశాడు, నిమ్మకాయలను చూశాడు, చివరికి నన్ను చూశాడు.

“ఏం జేస్తున్నవ్ బిడ్డా?”

“మొక్కు తీర్చుకుంటున్న కాకా.”

“ఎవలకు?”

“దేవునికి. గుట్ట మీది దేవునికి.”

ఆయన గొడ్డలి దించి బండకు ఆనించాడు. తరువాత చాలా నెమ్మదిగా అన్నాడు. “నలభై ఏండ్ల సంది గీ గుట్ట మీద మేకల కాస్తున్న. గా బండ మీదనే కూసొని రోజు సద్ది తింట. గీడికి దేవుడు ఎన్నడొచ్చిండు?”

ఇక ఆ అబద్ధానికి ఆయుష్షు లేదని నాకు అర్థమైంది. వెంటనే ఇంట్లోంచి సిద్ధం చేసుకొచ్చిన రెండోది బయటికి తీశాను.

“ఏం లేదు కాకా, ఊకెనే గుట్టెక్కుదామని వచ్చిన.”

“మేకలున్నయా?”

“లెవ్వు.”

“కట్టెలకొచ్చినవా?”

“కాదు.”

“మరి మనిషి ఊకె ఎట్ల ఎక్కుతడు?”

 మల్లయ్య వంగి, బండ మొదట్లో కొత్తగా చెక్కిన మట్టినీ, పక్కన పడి ఉన్న పారనూ చూశాడు. భూపాలపల్లి దిక్కు గుట్టల మీద ఇట్లాగే మబ్బు పట్టిన రోజు చూసుకుని, నిమ్మకాయలు, ఎర్ర గుడ్డలు పెట్టి, లంకెబిందెల కోసం గుంతలు తవ్విపోతున్నారట. తన గుట్టకు ఎప్పుడొస్తారా అని ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడట. అందుకే నేను బస్సు దిగినప్పటి నుంచీ వెంబడించాడు. నేను ఆయన్ను దొంగ అనుకుంటున్నంతసేపూ ఆయన నన్ను అదే అనుకుంటున్నాడు. తేడా ఏమిటంటే, ఆయన దగ్గర సాక్ష్యం ఉంది.

“నడువు. సేటు ఇంటికాడ చెప్పుకుందువు.”

“ఏ సేటు కాకా?”

“సాంబయ్య సేటు. మా ఊళ్లె ఇంకో సేటు లేడు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు కాబోయే మామ, వెనక గొడ్డలి.

ఆ దిగే దారిలో నా పరిస్థితి నాకు పూర్తిగా అర్థమైంది. నిజం చెబితే దొంగతనం మాసిపోతుంది, కానీ ఆదివారం పెళ్లిచూపులకు రావలసినవాడు బుధవారమే గుట్టెక్కి ఇంటిని తొంగి చూశాడని తెలిస్తే సంబంధం పోతుంది. చెప్పకపోతే పోలీసులు వస్తారు. విచిత్రం ఏమిటంటే, ఆ అమ్మాయి నాకు ఎంత కావాలో అప్పుడే తెలిసింది. అప్పటిదాకా నా మనసులో అనుమానమే ఉందనుకున్నాను. దాని కింద ఇంత ఆశ ఉందని నాకే తెలియదు. జారే రాళ్ల మీద నడుస్తూ, పోలీసులే నయం అనుకున్నాను.

కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. నా విషయంలో కొండ తవ్వకముందే ఎలుకను పట్టేశారు కాబట్టి, ఆ ఎలుకను చూడటానికి ఊళ్లో సగం మంది సాంబయ్య గారి అరుగు ముందు చేరారు. సాంబయ్య గారు నన్ను గుర్తుపట్టలేదు. అది ఆయన తప్పు కాదు. మేము పంపిన ఫొటోలో స్టూడియో ఆయన నన్ను ఎంత తెల్లగా చేశాడంటే, దాన్ని చూసి నన్ను నేనే గుర్తుపట్టలేను. మల్లయ్య సంచీ కుమ్మరించి జరిగినదంతా చెప్పాడు.

“ఏ ఊరు?” అని సాంబయ్య గారు అడిగారు.

“రఘునాథపల్లి. నా పేరు రాజు.”

“మా అక్కను ఇచ్చింది రఘునాథపల్లికే. ఎవల బిడ్డవు?”

“మాది బస్టాండు కాడ.”

“బస్టాండు కాడ బస్సులుంటయి. ఇల్లు యాడ?”

నేను నోరు తెరిచేలోపల మల్లయ్య నా జేబులోంచి కాగితం లాగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గుట్ట దిగినంతసేపూ నేను ఆ జేబునే తడుముకుంటున్నానట. సాంబయ్య గారు కాగితం విప్పి అటు తిప్పారు, ఇటు తిప్పారు. గుట్టను చూశారు, బాణం గుర్తు వెంట వేలు జరుపుకుంటూ వచ్చి ఇంటు గుర్తు దగ్గర ఆపారు. అది ఆయన ఇల్లే. ఇంకొంచెం సరిగ్గా చెప్పాలంటే, మబ్బులో గీయడం వల్ల అది ఆయన బర్రెల కొట్టం మీద పడింది. జనం గుసగుసలాడారు. సేటు వాళ్ల తాత కాలంలో ఏదో పాతిపెట్టారని ఎప్పటినుంచో వినికిడి ఉందట.

సాంబయ్య గారి మొహం మారిపోయింది. ఈ మనిషితో ఒంటరిగా మాట్లాడాలని అందరికీ చెప్పి, నన్ను లోపల బియ్యం బస్తాల గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశారు. దెబ్బలు తప్పవని కళ్లు మూసుకున్నాను. చెవి దగ్గర ఆయన గొంతు చాలా మెత్తగా వినబడింది.

“పోలీసోళ్లకు చెప్పను. ఎంత లోతుల ఉన్నదో చెప్పు.”

“నాకు తెల్వదు సేటూ.”

“తెల్వకుండనే గుర్తు పెట్టినవా?”

ఆయన కళ్లలో నాకు బాగా తెలిసినది కనబడింది. ప్రతి ఉదయం అద్దంలో చూసుకునేదే. ఏదో ఒక లోతు చెప్పి బయటపడదామా అని కూడా ఆలోచించాను. ఇంతలో తలుపు తోసుకుని, చేతిలో మంచినీళ్ల గ్లాసుతో స్రవంతి లోపలికి వచ్చింది. గ్లాసు నాకిచ్చి, వాళ్ల నాయిన చేతిలోంచి కాగితం తీసుకుని చూసింది.

“గీ రెండు సున్నాలు మన బోర్లు నాయినా. గీ చుక్కలు మామిడి చెట్లు. లంకెబిందెల కాగితంల బోర్లు ఎందుకుంటయి?” అని, నావైపు తిరిగి, “ఆరో చెట్టు ఉన్నది. కొట్టం ఎనక ఉంటది, గుట్ట మీదికెళ్లి కనబడదు” అంది.

నాకు నీళ్లు గొంతులో అడ్డం పడ్డాయి.

“గీయన దొంగ కాదు. ఆదివారం మనింటికొచ్చే జనగామ పిలగాడే.”

సాంబయ్య గారు ఫోన్ తీసి ఫొటో చూశారు, నన్ను చూశారు, మళ్లీ ఫొటో చూశారు. ఎట్లా పోల్చావని కూతుర్ని అడిగారు. ఆమె ఏ తడబాటూ లేకుండా చెప్పింది. పోయిన వారం బెండ విత్తనాలు కావాలని జనగామ వెళ్లి, మా దుకాణంలోనే కొన్నదట. నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. మొహానికి స్కార్ఫు కట్టుకున్న ఒక అమ్మాయి ప్రతి పొట్లం మీదా తేదీలు చదివి, పది ప్రశ్నలు అడిగింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరని అనుమానించి నేను కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, అడగకుండానే రెండుసార్లు బిల్లు ఇచ్చాను.

“నువ్వెందుకు పోయినవ్ బిడ్డా? బాబాయి పోయి అడిగొచ్చిండు గద.”

“బాబాయి అంతా మంచిగున్నదన్నడు. వాళ్లింట్ల జిలేబి తిన్ననని గూడ అన్నడు. గందుకే నేను పోయిన.”

నేను తలెత్తి ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాను. ఈ లోకంలో నా జాతి మనిషి ఇంకొకరు ఉన్నారని ఆ క్షణం దాకా నాకు తెలియదు. కానీ ఆమె మాట అక్కడితో ఆగలేదు. దుకాణం పెన్ను తీసుకుని, నా కాగితం మీద ఒక సున్నాను అడ్డంగా కొట్టేసింది.

“గీ బోరు ఎండిపోయి రెండేండ్లయింది. నాయిన మీ మామకు చెప్పలే.”

 నన్ను తిట్టడానికి సాంబయ్య గారు పోగుచేసుకున్న మాటలన్నీ ఆ ఎండిన బోరులో పడిపోయినట్టున్నాయి. ఇక దాచడానికి నా దగ్గర కూడా ఏమీ మిగల్లేదు. అనుమానంతోనే వచ్చానని ఒప్పుకున్నాను. బోర్లు రెండైనా ఒకటైనా నాకు పట్టింపు లేదని, ఆదివారం రమ్మంటే వస్తానని, వద్దంటే మా నాన్నకు ఇక్కడినుంచే ఫోన్లో నా తప్పు నేనే చెబుతానని అన్నాను.  అది మాత్రం అబద్ధం కాదు.

సాంబయ్య గారు కూతురి వైపు తిరిగారు. “గిసోంటి అనుమానపోనికి నిన్నెట్ల ఇయ్యాలె బిడ్డా?”

స్రవంతి నన్ను పైనుంచి కిందిదాకా, పొట్లం మీద తేదీ చూసినట్టు చూసింది.

“పొద్దటి సంది మూడు అబద్ధాలాడిండు నాయినా. దేవుడన్నడు, దొరికిండు. ఊకె వచ్చిన అన్నడు, దొరికిండు. రఘునాథపల్లి అన్నడు, దొరికిండు. గీయన జన్మల నాకు తెల్వకుండ ఏం దాయలేడు. ఆదివారం రమ్మను.”

సాంబయ్య గారు బయటికి వెళ్లి, వచ్చినవాడు జనగామ చుట్టమేననీ, గుట్ట చూడటానికి వచ్చాడనీ ప్రకటించారు. జనం నిరాశగా వెళ్లిపోయారు. మల్లయ్య మాత్రం గుట్టలో చూడటానికి ఏముంటుందని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. శ్రావణంలో మా పెళ్లి జరిగింది. ఆమె చెప్పింది నిజమే. ఈ ఎనిమిదేళ్లలో నేను ఆమె దగ్గర ఒక్క అబద్ధాన్ని కూడా సాయంత్రం దాకా బతికించుకోలేకపోయాను. మా మామగారు పెళ్లైన ఏడాదికి, బర్రెల కొట్టానికి కొత్త గచ్చు వేయిస్తున్నానని చెప్పి, నడుం లోతు తవ్వించారు. గచ్చుకు అంత లోతు ఎందుకని నేను అడగలేదు.

కాబట్టి పాఠకులందరి ఎదుట, మనస్ఫూర్తిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మబ్బు పట్టిన రోజున ఒంటరిగా, ఏ కారణమూ లేకుండా ఏ గుట్టా ఎక్కను. తప్పనిసరై ఎక్కవలసి వస్తే, చూసినవాళ్లకు అనుమానం రాకుండా ముందు ఒక మేకను తోలుకుని ఎక్కుతాను.